కాచిన విరిగెడు ఇనుము

విరిగిన ఇనుమును కాచి అతుకవచ్చునని వేమన చెప్పిన మాట తెలుగునాట చదువురానివారికిని తెలిసినదే. కమ్మరి కొలిమి ముందు ఒక గడియ నిలిచినవారికి ఆ మాటలోని నిజము కంటికే కనిపించును. చల్లగా నున్నంతసేపు మొండికెత్తిన ఇనుము ఎర్రగా కాలిన పిమ్మట మైనమువలె లొంగును. సమ్మెట దెబ్బకు సాగును. తెల్లని వేడికి వచ్చిన రెండు ముక్కలను దాగలిపై చేర్చి కొట్టిన ఒక్కటియగును. కాని ఈ మాటకు లొంగని ఇనుము ఒకటి ఉన్నది. చల్లగా నున్నప్పుడు దానియందు ఏ లోపమును కనిపించదు. దానిని కొలిమిలో పెట్టి, తిత్తులూది, ఎర్రగా కాచి, పట్టుకారుతో తీసి ఒక దెబ్బ వేసిన చాలును. సాగుటకు మారుగా అంచులు చిట్లి, నెర్రెలు విచ్చి, బెల్లపు అచ్చువలె తునుకలై రాలును. అతుకుటకై కాచిన ఇనుము, కాచుటవలననే విరిగినదన్నమాట.

ఐరోపాలోని పాతకాలపు కమ్మరులు చెడ్డ ఇనుమును రెండు తెగలుగా విడదీసి చెప్పుకొనెడివారు. చల్లగా నున్నప్పుడు విరుగునది ఒకటి, వేడిగా నున్నప్పుడు విరుగునది మరియొకటి. మొదటిదానిని చలిపెళుసు అనియు, రెండవదానిని వేడిపెళుసు అనియు మనము పిలుచుకొనవచ్చును. వారికి కారణము తెలియదు. బేరములో మోసపోకుండుటకు గుర్తు మాత్రము తెలియును. రసాయనశాస్త్రము ఎదిగిన తరువాత మొదటి దోషము భాస్వరముదనియు, రెండవది గంధకముదనియు తేలినది. ఇందు ఆశ్చర్యము కలిగించునది దోషము కాదు, దాని పరిమాణము. టన్ను ఇనుములో ఒక్క కిలో గంధకమున్న చాలును. దానికి విరుగుడు వేయనిచో ఆ టన్నంతయు రోలింగు మిల్లులో రైలుపట్టాగా సాగుటకు పనికిరాదు. వేయి పాళ్ళ మంచిని ఒక్క పాలు చెడు ఎట్లు చెరచుచున్నది? ఉక్కు పరిశ్రమ చరిత్రలో సగము ఈ ప్రశ్నకు జవాబు వెదకుటయే.

గంధకమునకు లోహములతో గల సంబంధము మన పూర్వులు ఎరుగనిది కాదు. సంస్కృతమున దానికి శుల్బారి యని ఒక పేరు. శుల్బమనగా రాగి, రాగికి శత్రువని అర్థము. పాదరసమును గంధకమును కల్వములో నూరిన ఏ నిప్పును తగులకయే రెండును ఏకమై నల్లని కజ్జలి యగునని వైద్యులు చెప్పుదురు. వెండి గిన్నె కొన్నాళ్ళకు నల్లబడుటయు గాలిలోని గంధకపు ఆవిరుల పనియే. చల్లగా నున్నప్పుడే ఇంతటి మక్కువ గలది, పదిహేను వందల డిగ్రీల వేడిలో ఊరకుండునా? కరగిన ఇనుములో గంధకము ఉప్పు నీటిలో కరగినట్లు కరగిపోవును. ఎంత వేసిన అంతయు లోనికి పోవును. చిక్కు అంతయు ఆ ద్రవము గడ్డకట్టునప్పుడు బయటపడును.

ఉక్కు ముద్దను పైకి చూచిన ఒకే తునకగా కనిపించును గాని, అది లెక్కలేనన్ని చిన్న పలుకుల కూర్పు. కరగిన లోహము చల్లారునప్పుడు అక్కడొక పలుకు, ఇక్కడొక పలుకు పుట్టి, పెరిగి, ఒకదానినొకటి ఒరసికొని నిలుచును. గట్టిపడుచున్న పలుకు తనలో గంధకమును ఉండనీయదు. ద్రవములో ఎంతయైన కరగిన గంధకమునకు ఘనమైన ఇనుములో చోటు దాదాపు లేదు. కావున ప్రతి పలుకును తాను పెరుగుచు గంధకమును ముందుకు నెట్టివేయును. అన్ని వైపులనుండి నెట్టబడిన గంధకము కట్టకడపట మిగిలిన ద్రవములో, అనగా పలుకులకు పలుకులకు నడుమనున్న సందులలో చేరి, అక్కడి ఇనుముతో కలసి ఐరన్ సల్ఫైడు అగును. ఉక్కు 1500 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున గట్టిపడుచుండగా, ఈ సల్ఫైడు ఇనుముతో కలసిన మిశ్రమము 988 డిగ్రీలకు గాని గట్టిపడదు. ప్రాణవాయువు కూడ తోడైన ఇంకను తక్కువకే కరగును. పైగా అది బొట్టుగా నిలువదు. నూనెవలె పలుకుల ఒంటిపై పలుచని పొరగా పరచుకొనును.

ఇటుక గోడలో ఇటుకలన్నియు గట్టివే యైనను, వాని నడుమనున్న అడుసు కరగిపోయిన గోడ నిలుచునా? ఉక్కును సాగగొట్టుటకు, రోలింగు చేయుటకు 1100 డిగ్రీలు మొదలు 1250 డిగ్రీల వరకు కాచుదురు. పలుకులు అప్పటికిని గట్టివే. వాని నడుమనున్న పొర మాత్రము నీరైపోయి యుండును. దెబ్బ పడినంతనే ఏ పలుకునకు ఆ పలుకు విడిపోవును. వేయింట ఒక వంతు చాలునన్న మాటకు అర్థమిదియే. గంధకము ఇనుమంతటను సమముగా పంచబడియున్న హాని ఇంత యుండదు. అది అతుకు ఉండవలసిన చోటనే పోయి కూర్చుండుట చేతనే ఇంత చేటు.

ఇనుముకంటె నికెలు ఈ విషయమున మరింత దుర్బలము. నికెలు, గంధకము కలసిన మిశ్రమము సుమారు 640 డిగ్రీల దగ్గరనే కరగును. అందుచేత నికెలు లోహములను కాచెడు కొలిమిలో గంధకమున్న నూనెనుగాని బొగ్గునుగాని మండించుటకు జంకుదురు. పొగలోని గంధకమే చాలును, లోహపు పలుకుల సందులలో దూరి లోలోపల తినివేయుటకు.

ఇంతటి పగవాడు వేల యేండ్లు ఇనుము చేసినవారికి పెద్దగా అడ్డు తగులలేదేమని అడుగవచ్చును. వారు కాల్చినది కట్టెబొగ్గు. చెట్టులో గంధకము అత్యల్పము. కట్టెబొగ్గులోనికి అంతకంటె రాదు. తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోన సముద్రమున మట్టిమూసలలో ఇనుమును కరగించి ఉక్కు గడ్డలు చేసెడివారు. ఆ ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు ఆ ఊరికి వచ్చెడివారని వాయిసే అను ఆంగ్లేయుడు వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చుపడినది. పాశ్చాత్యులు ఊట్జ్ అని పిలిచిన ఆ సరకునకు పేరు మన 'ఉక్కు' అను మాటనుండియే వచ్చినదని పలువురి అభిప్రాయము. ఆ మూసలవద్ద కూర్చున్న కమ్మరి గంధకమును గూర్చి చింతించి యుండడు. అడవియే అతనికి ఆ చింత లేకుండ చేసినది.

అడవులు తరిగిన ఇంగ్లండులో కథ మారినది. కట్టెబొగ్గు కరవై, వారు భూమిలోనుండి తీసిన రాక్షసి బొగ్గువైపు చూచిరి. ఆ బొగ్గును ఇనుపరాతితో కలిపి కాల్చినవారందరికిని దక్కినది వేడిపెళుసు ఇనుమే. 1709లో కోల్‌బ్రూక్‌డేల్ అనుచోట అబ్రహాం డార్బీ బొగ్గును ముందుగా మూసి కాల్చి కోకుగా మార్చి, దానితో ఇనుము తీసెను. కాల్చుటలో గంధకము కొంత ఆవిరియై పోవును. పోగా మిగిలినది కోకులోనే నిలుచును. నేటికిని కోకులో నూటికి అర మొదలు ఒక వంతు వరకు గంధకముండును. బ్లాస్టు ఫర్నేసులో ప్రవేశించు గంధకములో చాల భాగము కోకు మోసికొని వచ్చినదే. ఇంగ్లండు దేశమునకు ఇనుమునందు లోటు లేకున్నను, షెఫీల్డులోని మేలైన ఉక్కు పనివారు మాత్రము కట్టెబొగ్గుతో చేసిన స్వీడను ఇనుమునే అధిక వెలకు తెప్పించుకొనుచుండిరి. ఎందుకని అడిగిన, దానిలో ఏదియో 'సత్తువ' ఉన్నదనెడివారు. అందున్నది సత్తువ కాదు. లేనిది గంధకము, భాస్వరము.

1856 ఆగస్టులో చెల్టెన్‌హామ్ నగరమున బ్రిటిషు శాస్త్రవేత్తల సభ జరిగినది. హెన్రీ బెస్సెమర్ అనునతడు అచట ఒక వ్యాసము చదివెను. వంట చెరకు లేకుండ ఇనుమును ఉక్కును చేయుట దాని విషయము. నిప్పు లేకుండ ఉక్కు చేయుదునన్నవానిని చూచి లోహపరిశ్రమవారు మొదట నవ్వుకొనిరట. ఆయన చెప్పిన ఉపాయము ఇది: కరగిన దుక్క ఇనుమును ఒక పాత్రలో పోసి, అడుగునుండి గాలిని బలముగా ఊదవలెను. ఇనుములోని సిలికాను, కార్బను ఆ గాలిలో మండి, తమ మంటతోనే లోహమును ఇంకను వేడెక్కించును. రోజుల తరబడి చేయు పని అరగంటలో ముగియును. సభలోనివారి నవ్వు ఆగిపోయినది. కొన్ని వారములలోనే ఆ విధానమును వాడుకొను హక్కునకు బెస్సెమర్‌కు 27,000 పౌన్లు ముట్టినవి.

సొమ్ము కట్టినవారు తమ తమ కొలుములలో అట్లే గాలి ఊదిరి. అట్లే నిప్పురవ్వలు ఎగసినవి. అట్లే తెల్లని లోహము అచ్చులలో పడినది. దానిని కాచి రోలింగు మిల్లులో పెట్టిన ముక్కలైపోయినది. సభలో మెచ్చుకొన్న పత్రికలే మోసమని వ్రాయనారంభించినవి. బెస్సెమర్ అబద్ధమాడలేదు. ఆయన తన ప్రయోగములకు వాడిన వేల్సు దేశపు దుక్క ఇనుము అదృష్టవశమున మేలైనది, భాస్వరము తక్కువది. కొనుగోలుదారులు వాడినది తమ ఊళ్ళలో దొరికినది. భాస్వరమొక వైపు, గంధకమొక వైపు, అతిగా ఊదిన గాలివలన చేరిన ప్రాణవాయువు వేరొక వైపు. మూడును కూడి ఆ లోహమును పాడుచేసినవి.

ఇందు ఒక వింత ఉన్నది. గంధకమునకు నిప్పు ముట్టించిన నీలిమంటతో మండిపోవునని బడిపిల్లవానికిని తెలియును. అటువంటిది, 1500 డిగ్రీల వేడిలో, ఉప్పెనవలె గాలి ఊదుచుండగా, ఇనుములోని గంధకము ఏల మండిపోలేదు? లోహములో కరగిన గంధకము గంధకపు ముద్ద కాదు. దాని ప్రతి అణువు చుట్టును ఇనుపణువులు ముసురుకొని పట్టుకొనియున్నవి. లోనికి వచ్చిన ప్రాణవాయువునకు ముందు సిలికాను ఎదురగును. పిమ్మట మాంగనీసు, కార్బను. చివరకు లెక్కకు మిక్కిలిగా నున్న ఇనుమే ఎదురగును. పెద్ద విందులో ముందు పంక్తులవారే వడ్డనయంతయు అందుకొనగా కడపటి పంక్తి చివరనున్నవాని విస్తరి ఖాళీగా మిగిలినట్లు, గంధకమునకు ప్రాణవాయువు అందనే అందదు. చెత్తనంతయు కాల్చి ఊడ్చిపెట్టు ఆ కొలిమిలో గంధకమొక్కటి దాదాపుగా చెక్కుచెదరక మిగులును.

ఇంగ్లండు పడమటి భాగమున డీన్ అడవి యని ఒక ప్రదేశము. అచట రాబర్ట్ ముషెట్ అను లోహశాస్త్రజ్ఞుడు చిన్న కార్యశాలలో తనపాటికి తాను ప్రయోగములు చేసికొనుచుండెను. ఆయన తండ్రి డేవిడ్ ముషెట్ కూడ ఇనుము విషయమున పేరుపొందినవాడే. బెస్సెమర్ పద్ధతిని చేసిన లోహపు తునక నొకదానిని ఒక పరిచితుడు తెచ్చి, దీనిని బాగుచేయగలవా యని అడిగెనట. జర్మనీ దేశమునుండి వచ్చు స్పీగెలైసెన్ అను ఇనుమును ముషెట్ అంతకు ముందు ఎనిమిదేండ్లనుండి పరీక్షించుచుండెను. ఆ పేరునకు అద్దపు ఇనుమని అర్థము. విరిచిన ముఖము అద్దమువలె తళుక్కుమనును. దానిలో మాంగనీసు, కార్బను అధికముగా నుండును. చెడ్డ లోహమును కరగించి ఆయన ఈ అద్దపు ఇనుమును కొంచెము కలిపెను. వచ్చిన ఉక్కు ఎర్రగా కాచి కొట్టిన సాగినది, పగులలేదు. 1856 సెప్టెంబరులోనే, అనగా చెల్టెన్‌హామ్ సభ జరిగిన నెలా పదిదినములకే, దీనికి పేటెంటు పుచ్చుకొనెను.

మాంగనీసు చేసిన పని రెండు విధములు. అధికముగా చేరిన ప్రాణవాయువును తాను తీసికొని చిట్టెముగా పైకి తేలిపోయినది. గంధకము సంగతి ఇంకను చిత్రము. గంధకమునకు ఇనుముకంటె మాంగనీసుపై మక్కువ హెచ్చు. మాంగనీసు దొరికినచో ఇనుమును విడిచి దానితో చేరును. ఆ మాంగనీసు సల్ఫైడు 1600 డిగ్రీలకు పైబడిన గాని కరగదు. కావున ఉక్కును 1200 డిగ్రీలకు కాచినను అది గట్టిగానే యుండును. పొరగా పరచుకొనక, తామరాకు మీది నీటిబొట్లవలె విడివిడి గుండ్లుగా నిలుచును. గంధకము ఉక్కులోనుండి పోలేదు, ఉన్నంతయు ఉన్నది. దాని కూర్చుండు చోటును, ఆకారమును మారినవి. అంతమాత్రముననే ముక్కలయ్యెడు లోహము పట్టాయైనది. ముషెట్ ఉక్కుతో చేసిన ఒక రైలుపట్టాను 1857లో డెర్బీ స్టేషనులో వేసిరి. అక్కడ ఇనుప పట్టాలను ఆరు నెలలకొకసారి మార్చవలసి వచ్చెడిది. ఆరు సంవత్సరముల తరువాత చూచినను ఉక్కు పట్టా చెక్కుచెదరక యున్నది.

ప్రసంగవశమున ఒక మాట. విశాఖ మండలమున, నేటి విజయనగరము జిల్లాలో, 1892లో మాంగనీసు గనుల త్రవ్వకము ప్రారంభమైనది. భారతదేశమున ఆ ఖనిజపు త్రవ్వకమునకు అదియే మొదలు. ముషెట్ తెరచిన దారి ప్రపంచమంతటను మాంగనీసునకు గిరాకి తెచ్చినది.

ఆయనకు మాత్రము ఏమియు తేలేదు. ఆనాటి ఇంగ్లీషు చట్టము ప్రకారము పేటెంటు నిలుచుటకు మూడవ యేట 50 పౌన్ల ముద్రసుంకము కట్టవలెను. ముషెట్ పేటెంట్ల వ్యవహారము వేరొకరి చేతులలో నుండెను. 1859లో ఆ సుంకము కట్టబడలేదు, హక్కు పోయినది. ఆ దినమునుండి మాంగనీసు ఉపాయము ఎవరైనను ఊరకనే వాడుకొనవచ్చునని యైనది. బెస్సెమర్ వాడుకొనెను, ఇతరులును వాడుకొనిరి. బెస్సెమర్ తన పేటెంట్లవలన పది లక్షల పౌన్లకు పైగా గడించి, 1879లో సర్ బిరుదమును పొందెను. డీన్ అడవిలోని ముషెట్ అప్పులలో మునిగి, ఆరోగ్యము చెడి, మంచమెక్కెను.

1866లో ఆయన కుమార్తె మేరీ, పదునారేండ్ల పిల్ల, ఒంటరిగా లండను చేరి బెస్సెమర్ కార్యాలయమునకు పోయి ఆయన యెదుట నిలిచినది. మీ విజయము మా తండ్రి కనిపెట్టినదానిపై నిలిచియున్నదని నిర్భయముగా వాదించినది. తాము ఇల్లు పోగొట్టుకొను స్థితిలో నున్నామనియు చెప్పినది. బెస్సెమర్ ఆ వాదమును అంగీకరించలేదు. చట్టరీత్యా తాను ఋణపడిలేనని ఆయన నమ్మకము. అయినను అక్కరకు సొమ్మిచ్చి, ఏటేట 300 పౌన్లు ముషెట్‌కు పంపుటకు ఏర్పాటు చేసి, ఇరువది యేండ్లకు పైగా పంపెను. ముషెట్ తనకు ఋణపడియుండుటయే తనకిష్టమైనదని, తాను ముషెట్‌కు ఋణపడియుండుట కాదని, తరువాత ఆత్మకథలో వ్రాసికొనెను. ఉదారతయో, అభిమానమో, ముందుచూపో పాఠకులే నిర్ణయించుకొనవచ్చును. 1876లో ఇంగ్లండులోని లోహశాస్త్ర సంఘము ముషెట్‌కు బంగారు పతకమునిచ్చి గౌరవించినది. ఆ పతకము పేరు బెస్సెమర్ పతకము.

మాంగనీసు గంధకమును కట్టివేసినదే గాని వెళ్ళగొట్టలేదు. వెళ్ళగొట్టునది సున్నము. సున్నము గంధకమును తీసికొని కాల్షియం సల్ఫైడుగా మారి చిట్టెములో కలియును. బదులుగా తనలోని ప్రాణవాయువును ఇనుమునకు ఇచ్చివేయును. ఇది ఒక మారకపు బేరము. ఆ ప్రాణవాయువును వెంటవెంటనే ఎవరైన కొనిపోవుచున్నంతవరకే బేరము సాగును. బ్లాస్టు ఫర్నేసులో కోకు నిండుగా నున్నది. దానిలోని కార్బను ఆ ప్రాణవాయువును ఎప్పటికప్పుడు పట్టుకొని పోవును. కనుక అచ్చట సున్నము గంధకమును బాగుగా లాగివేయగలదు. లోనికి వచ్చిన గంధకములో అధికభాగము చిట్టెములోనే పోవును. ఉక్కు చేయు కన్వర్టరులో పరిస్థితి తలక్రిందులు. అచ్చట ప్రాణవాయువే ఏరులై పారుచున్నది, కొనువాడెవ్వడు? సున్నమున్నను బేరము కుదరదు. 1870ల చివర సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ అను పోలీసుకోర్టు గుమాస్తా కన్వర్టరు లోపలి గోడలకు క్షారగుణముగల ఇటుకలు పరచి, సున్నము వేసి, భాస్వరమును జయించెను. ఆ జయము గంధకముపై అంతగా పారలేదు. భాస్వరమునకు ప్రాణవాయువు కావలెను; గంధకమునకు అది పనికిరాదు. ఒకే కొలిమిలో ఇద్దరు శత్రువులను ఒకే ఆయుధముతో చంపుట సాధ్యము కాలేదు.

ఉక్కు కర్మాగారముల దగ్గర నివసించువారికి కాల్షియం సల్ఫైడు పేరు తెలియకపోయినను దాని వాసన తెలియును. కాలుచున్న చిట్టెముపై నీరు చల్లినప్పుడు కుళ్ళిన కోడిగ్రుడ్డు కంపు గుప్పున లేచును. ఎన్నడో అడవులై, భూమిలో పూడి, బొగ్గుగా మారిన కాలమున చేరిన గంధకము, కోకుతో కొలిమిలోనికి వచ్చి, సున్నముతో చేరి, నీరు తగిలినంతనే హైడ్రోజన్ సల్ఫైడు వాయువై గాలిలో కలియుట అది. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున 1990లో వెలిగించిన మొదటి బ్లాస్టు ఫర్నేసునకు గోదావరి యని పేరు పెట్టిరి. దాని కోకునకు కావలసిన బొగ్గులో అధికభాగము సముద్రము దాటి వచ్చునదే. మన సింగరేణి బొగ్గు కోకుగా గట్టిపడదు. గోండ్వానా బొగ్గులలో గంధకము తక్కువే గాని బూడిద హెచ్చు. అస్సాము బొగ్గు కోకుకు అనువైనదే గాని దానిలో గంధకము నూటికి రెండు మొదలు ఏడు వంతుల వరకు నుండును. ఇన్నిటిలోను దోషమొకటి లేని బొగ్గు దొరకుట కష్టము.

అందుచేత నేటి పద్ధతి ఏమనగా, గంధకమును కన్వర్టరు వాకిటనే ఆపివేయుట. బ్లాస్టు ఫర్నేసునుండి వచ్చిన కరగిన ఇనుము కన్వర్టరులోనికి పోకమునుపే, పెద్ద పాత్రలో నుండగా, దానిలోనికి పొడవాటి గొట్టము దింపి, నైట్రోజను వాయువుతో మెగ్నీషియము పొడిని, సున్నమును లోతున ఊదుదురు. మెగ్నీషియము సుమారు 1090 డిగ్రీలకే మరగి ఆవిరియగును. ఇనుము అప్పటికి 1300 డిగ్రీలకు పైగా నుండును. కాబట్టి అది బుడగలు బుడగలుగా లోహమును కలియబెట్టుచు పైకి లేచుచు, దారిలో దొరికిన గంధకమును పట్టుకొనును. కొన్ని నిమిషముల పని. తరువాత పైకి తేలిన చిట్టెమును ఇనుప పారతో గీకి తీసివేయవలెను. ఈ గీకుట చూచుటకు మోటుపనియే గాని, అన్నిటికంటె ముఖ్యము. ఆ చిట్టెము కొంచెమైన మిగిలి కన్వర్టరులోనికి పోయినచో, అచ్చటి ప్రాణవాయువు బేరమును వెనుకకు త్రిప్పి, గంధకమును తిరిగి ఇనుముననే చేర్చివేయును.

ఇంత శ్రమ ఎందుకు, ముషెట్ మార్గమున మాంగనీసు వేసి ఊరకుండరాదా? ఊరకున్న కాలము ఉన్నది. కాని మాంగనీసు సల్ఫైడు వేడిలో మెత్తనిది. ఉక్కు రేకు రోలర్ల నడుమ సాగినప్పుడు దానితోపాటు ఆ గుండ్లును సాగి సన్నని ఈనెలవలె, రేకుల వలె పరచుకొనును. రేకును పొడవునకు లాగిన బలమునకు లోటు లేదు. అడ్డముగా లాగిన, మందమునకు అడ్డు లాగిన, ఆ ఈనెల వెంబడి పొరలు పొరలుగా చీలును. కంటికి కనబడని ఈ ఈనెలను చూచుటకు 1906లో బౌమన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు సులువైన ఉపాయము కనిపెట్టెను. ఫొటోగ్రాఫు కాగితమును పలుచని గంధకామ్లములో నానబెట్టి, నునుపుచేసిన ఉక్కు ముఖముపై అదిమిపెట్టవలెను. సల్ఫైడు ఉన్న ప్రతిచోటను వాయువు పుట్టి కాగితములోని వెండిని తాకి ముదురు గోధుమరంగు మరక వేయును. కాగితమెత్తి చూచిన, ఉక్కులో గంధకము ఎచ్చటెచ్చట పొంచియున్నదో పటము గీచినట్లు కనబడును.

1912లో మునిగిన టైటానిక్ ఓడ శిథిలములనుండి తెచ్చిన రేకును పరీక్షించినవారు 1998లో తమ ఫలితములను ప్రకటించిరి. అందు గంధకము నూటికి 0.069 వంతు, మాంగనీసు 0.47 వంతు మాత్రమే. నేటి లెక్కకు గంధకము హెచ్చు, మాంగనీసు తక్కువ. సాగిన సల్ఫైడు ఈనెలును కానవచ్చినవి. ఆ రాత్రి సముద్రపు నీరు సున్న డిగ్రీలకును దిగువనున్నది. ఆ చలిలో ఆ ఉక్కు పెళుసువారియుండునని వారు తేల్చిరి. దీనినిబట్టి పదునైదు వందలమంది మరణమును గంధకముపై మోపుట న్యాయము కాదు. ఆనాటికి అది మంచి ఉక్కే. ఓడ పోవుటకు మంచుకొండయు, వేగమును, చాలినన్ని పడవలు లేకపోవుటయు ఉండనే ఉన్నవి. కాని ఆ రేకును నేడు ఏ ఓడకును వేయరు.

సహజవాయువును మోయు గొట్టముల విషయమున పట్టింపు ఇంకను హెచ్చు. కొన్ని బావులనుండి వచ్చు వాయువులో హైడ్రోజన్ సల్ఫైడు ఉండును. అది గొట్టపు గోడను తినుచు హైడ్రోజను అణువులను ఉక్కులోనికి పంపును. అవి లోలోపల తిరిగి తిరిగి సల్ఫైడు ఈనెల కొనల దగ్గర గుమికూడి, ఉబ్బి, నెర్రె పుట్టించును. బయటి గంధకము లోపలి గంధకపు ఉనికి పట్టినట్లుండును ఈ వ్యవహారము. కావున అట్టి ఉక్కులో గంధకము టన్నుకు పది గ్రాములకు మించరాదని కోరుదురు. అంతకు దించుటకు కన్వర్టరు దాటిన తరువాత లేడిలులోనే మరల సున్నపు చిట్టెము పోసి, ఆర్గాను వాయువుతో కలియబెట్టుదురు. మిగిలిన ఆ కాసింతకును కాల్షియము నింపిన తీగను చుట్టనుండి విప్పుచు వేగముగా ఉక్కులోనికి దింపుదురు. కాల్షియముతో చేరిన సల్ఫైడు గట్టి గుండు. రోలరు క్రింద నలిగినను సాగదు. ముషెట్ కాలమున పొరను గుండుగా మార్చిరి. ఇప్పుడు సాగెడు గుండును సాగని గుండుగా మార్చిరి.

ఇంతగా తరిమిన గంధకమును కోరి పిలిచెడు ఉక్కు కూడ ఒకటి ఉన్నది. మరమేకులు, నట్లు, చిన్న చిన్న యంత్ర భాగములు లక్షల సంఖ్యలో లేతు యంత్రముపై చెక్కవలసి వచ్చినప్పుడు, స్వచ్ఛమైన ఉక్కు చెక్కుడు తునుకలు పొడవాటి చుట్టలై పనిముట్టును చుట్టుకొని పనివానిని విసిగించును. అందుచేత లేడిలులో పనిగట్టుకొని గంధకము వేసి, టన్నుకు మూడు కిలోల వరకు నుంచుదురు. దానిని కట్టివేయుటకు సరిపడు మాంగనీసును వేయుదురు. ఉక్కంతటను వెదజల్లిన సల్ఫైడు గుండ్ల దగ్గర తునుక తనంతట తానే తెగును. ఉలి మొన త్వరగా అరుగదు. పని ముగిసినప్పుడు లేతు క్రింద పడియుండునవి వ్రేలెడు పొడవైనను లేని తునుకలు. ఆ ఉక్కుతో చేసిన వస్తువునకు ఒక నియమమున్నది. దానిని వెల్డింగుచేసి అతుకరాదు. ఎరుగనివాడు అతుకబోయిన, అతుకు చల్లారకమునుపే నడుమ నిలువునా చీలును.